జొన్నలు పోసిన పెట్టె

నేను చేసిన ఉద్యోగం ఇప్పుడు లేదు. బైబిలు ఉమన్ అనేవారు. పల్లెల్లో ఆ మాట నోరు తిరగక బైబిలమ్మ అని పిలిచేవారు. ఒక చేతిసంచి, ఒక గొడుగు, అరిగిన చెప్పులు, ఇవే మా ఆఫీసు. నడిచి ఊళ్లు తిరగడం, ఆడవాళ్లతో కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పడం, జబ్బుపడ్డవాళ్ల మంచం పక్కన ప్రార్థన చేయడం, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి మళ్లీ నడవడం మా పని. జీతం చర్చి సంఘం ఇచ్చేది. ఎప్పుడిస్తుందో సంఘానికే తెలియదు.

ఇప్పుడు సంఘాల్లో కొత్తగా పనికి చేరిన ఆడపిల్లలు నంద్యాలలో మా ఇంటికి వచ్చి, "అమ్మా, మీ కాలంలో బీదవాళ్లకు సాయం ఎట్లా చేసేవాళ్లు?" అని అడుగుతుంటారు. ఏదో పెద్ద విషయం చెబుతానని ముందుకు వంగి కూర్చుంటారు. నా దగ్గర ఉన్నది ఒక పెట్టె సంగతి. అదే చెబుతాను.

డెబ్బయ్యో దశకం మధ్యలో నన్ను ఆళ్లగడ్డకు వేశారు. అక్కడి సంఘంలో స్త్రీల సమాజం ఒకటి గట్టిగా నడుస్తుండేది. దాని అధ్యక్షురాలు హెడ్మాస్టరుగారి భార్య. కోస్తా నుంచి వచ్చినామె. అందరూ ప్రెసిడెంటమ్మ అనేవారు. మనిషి చాలా మంచిది, కానీ తీర్మానం లేకుండా ఏ పనీ చేసేది కాదు. వాళ్లింట్లో కూర కూడా తీర్మానం చేశాకే వండుతారని మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, నవ్వకుండా అనేవారు. ఆయన ఏదీ నవ్వుతూ అనేవారు కాదు.

ఆ సమాజం చేసే పెద్ద ధర్మకార్యం శవపేటికలు. నేను రాకముందు ఒక ఎండాకాలంలో పత్తి చేలల్లో కూలి చేసే ఒకాయన చనిపోతే గోనెపట్టాలో చుట్టి పూడ్చారట. ప్రెసిడెంటమ్మ అది కళ్లారా చూసింది. ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదని చెప్పుకునేవారు. తర్వాత మీటింగు పెట్టి, ఇకమీదట మన సంఘంలో ఎంత లేనివాళ్లయినా పెట్టె లేకుండా మట్టిలోకి పోగూడదని తీర్మానం చేయించింది. ఆడవాళ్లందరూ వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేయాలి. ఆదివారం దాన్ని తెచ్చి మా గుడిలో, అంటే చర్చిలో, గంపలో పోయాలి. బియ్యం వండేవాళ్లు బియ్యం, జొన్నలు వండేవాళ్లు జొన్నలు. ఆ గింజలు అమ్మగా వచ్చినదాంతో పెట్టెలు చేయించేవారు. బనగానపల్లె వైపు కాపు తగ్గిన మామిడి చెట్లు కొట్టేస్తే ఆ చెక్క చవగ్గా దొరికేది. చేసేది మా వీధిలోనే ఉన్న ఆచారి. ఆయన మా మతం కాదు, కానీ మా వాళ్లలో సగం మందిని ఆయనే సాగనంపాడు.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆచారి నిదానస్తుడు. పెట్టె చేయడానికి రెండు రోజులు పట్టేది. మా ఎండలకు శవం అంతసేపు ఆగదు. కాబట్టి ఎవరు పోయేటట్లు ఉన్నారో ముందుగా తెలియాలి. జబ్బుపడ్డవాళ్లను చూసి వచ్చేది నేను. అందువల్ల ఆ సంగతి చెప్పే బాధ్యత, ఎవరూ తీర్మానం చేయకుండానే, నా మీద పడింది. నేను పల్లెల నుంచి తిరిగి వస్తుంటే ఆచారి ఉలి పక్కన పెట్టి, "ఏమ్మా, ఏమన్నా ఉందా?" అని అడిగేవాడు. కూరగాయల బేరం అడిగినట్టే ఉండేది.

ఈ సంగతి పల్లెలకు తెలియకుండా ఉంటుందా? నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, ఇంట్లోవాళ్లు ముందు నా మొహం చూసేవాళ్లు. ఒకామె దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టి, "బైబిలమ్మా, మాయింటికి రావద్దులేమ్మా. మాయత్తకు నిన్నట్నుంచి రోంత నయంగా ఉండాది" అంది. నా ప్రార్థన మీద జనానికి అంత నమ్మకం.

వాగు అవతల ఒక చిన్న పల్లెలో మా సంఘానికి చెందిన ఒక ముసలాయన ఉండేవాడు. బనగానపల్లె దగ్గర నాపరాళ్ల గనుల్లో వయసంతా రాళ్లు కొట్టి, ఊపిరాడక పని మానుకొని వచ్చినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజలు పరిగె ఏరుకుని బతికేవాడు. గుడికి క్రిస్మసుకు ఒకసారి, కోత పండుగకు ఒకసారి వచ్చేవాడు. అందరూ తాత అనేవారు.

ఒక మాఘమాసంలో ఆయనకు జ్వరం వచ్చిందని కబురు వచ్చింది. పోయి చూశాను. మంచంలో కట్టెలా పడి ఉన్నాడు. కళ్లు తెరవడం లేదు. ఊపిరి తీస్తుంటే తిరగలి తిప్పుతున్నట్టు చప్పుడు. పక్కింటి దూదేకులామె వచ్చి, నీళ్లు కూడా సరిగ్గా దిగడం లేదని చెప్పింది. నేను ప్రార్థన చేశాను. తర్వాత సంచిలోంచి నూలుదారం తీశాను. ఆ దారం నా సంచిలో ఎప్పుడూ ఉండేది. దూదేకులామె ఒక కొస తల దగ్గర పట్టుకుంది, నేను రెండో కొస పాదాల దగ్గరికి లాగి ముడి వేశాను.

తాత కళ్లు తెరవకుండానే, "కాళ్లకాడ రోంత ఎక్కువ పెట్టు" అన్నాడు.

జ్వరంలో సంధి మాటలనుకున్నాను. ఆళ్లగడ్డకు వచ్చి ఆచారికి ఆ దారంతో కొలత చూపి, ఈ వారం దాటేటట్లు లేదని చెప్పాను. కాళ్ల దగ్గర కాస్త ఎక్కువ పెట్టమని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు.

ఆచారి ఆ పెట్టెను శ్రద్ధగా చేశాడు. సందులు కనబడకుండా చెక్కలు బిగించి, పైన నల్లగుడ్డ అంటించి, దాని మీద తెల్లగుడ్డతో శిలువ కుట్టించాడు. కబురు రాకముందే పెట్టెను పల్లెకు చేర్చడం మంచిదని అందరూ అనుకున్నారు. ఎద్దుల బండి మీద పెట్టె, బండి వెనక అయ్యగారు, నేను, పాటలు పాడటానికి సమాజం ఆడవాళ్లు కొందరు, వరుసగా పోయాం. పల్లె పొలిమేర దాటగానే మావాళ్లు పాట ఎత్తుకున్నారు.

తాత ఇంటి ముందర అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

పాట మొదటి చరణంలోనే ఆగిపోయింది. బండివాడు ఎద్దులను ఆపాడు. తాత రొట్టె నమలడం ఆపలేదు. బండిని, పెట్టెను, మమ్మల్ని వరుసగా చూశాడు.

"ఏందప్పా అది?" అని అయ్యగారిని అడిగాడు.

అయ్యగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "పెట్టె, తాతా. నీ కోసమే తెచ్చినాం" అన్నారు.

తాత రొట్టె పూర్తిచేశాడు. చేయి కడుక్కున్నాడు. బండి దగ్గరికి వచ్చి పెట్టె మీద వేళ్లతో కొట్టి చూశాడు. "మామిడి చెక్క. బాగుండాది. లోపల పెట్టండి" అన్నాడు.

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వెనక్కి తీసుకుపోదామంటే బండివాడు ఒప్పుకోలేదు. ఖాళీ పెట్టెను ఊళ్లోకి తిరిగి తోలుకుపోతే ఇంకెవరినో వెతుక్కుంటుందని వాడి భయం. పైగా తెచ్చింది ఇవ్వడానికే కాబట్టి ఇవ్వకుండా తీసుకుపోవడం ఎట్లాగో అయ్యగారికీ తోచలేదు. నలుగురు మోసి లోపల పెట్టారు. అయ్యగారు చిన్న ప్రార్థన చేశారు. దేని కోసం చేస్తున్నారో చెప్పకుండా చేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ పాడలేదు.

ఆ తర్వాత నేను పల్లెకు పోయినప్పుడల్లా ఆ పెట్టెలో మార్పు కనబడేది. మొదటిసారి పోయేసరికి మూతకు బందులు వేయించాడు. తర్వాత గొళ్లెం వచ్చింది. ఆ తర్వాత తాళం. నల్లగుడ్డ చిరిగిపోతుందని విప్పి జాగ్రత్తగా మడిచి దాచుకున్నాడు. శిలువను మాత్రం విడిగా తీసి, మేకులు కొట్టి మూతమీదే ఉంచాడు. లోపల అడుగున వేపాకు పరిచి, ఏరుకొచ్చిన జొన్నలు పోశాడు. ఆయన గుడిసెలో ఎలుకలు ఏళ్ల తరబడి ఆయన కన్నా బాగా తిన్నాయట. ఈ పెట్టెలోకి ఒక్కటీ దూరలేకపోయింది. ఆ ఇంట్లో కుర్చీ లేదు కాబట్టి నేను పోతే, "కూచో బైబిలమ్మా" అని ఆ పెట్టెనే చూపించేవాడు. నేను దాని మీద కూర్చునే నిత్యజీవం గురించి చెప్పేదాన్ని.

ఈ సంగతి ప్రెసిడెంటమ్మ చెవిన పడింది. వెంటనే మీటింగు పెట్టింది.

"మనం చచ్చిపోయినవాళ్ల కోసం పిడికెడు బియ్యం తీస్తున్నామండీ. ఆయన అందులో జొన్నలు పోసుకుంటున్నాడు. ఇది పద్ధతేనా?" అని అడిగింది.

ఇచ్చేశాక అది ఆయనదే కదా అన్నారు అయ్యగారు. చచ్చిపోతే ఇవ్వమని తీర్మానం, బతికితే ఇవ్వమని లేదు కదా అంది ప్రెసిడెంటమ్మ. రెండూ నిజమే. చాలాసేపు మాట్లాడి, ఎవరైనా పోయి ఆయనకు నచ్చజెప్పి పెట్టె తిరిగి తేవాలని తీర్మానించారు. ఆ ఎవరైనా నేనే.

పోయాను. పెట్టె మీదే కూర్చుని విషయం మొదలుపెట్టాను. తాత గోడకానుకుని కూర్చుని అంతా విన్నాడు.

"నేను సావకపోవడం నా తప్పా?" అన్నాడు.

"అట్లని ఎవరన్నారు తాతా? అది పోయినవాళ్ల కోసం పెట్టిన ధర్మం, అంతే."

"సరే. ఒక మాట అడుగుతా చెప్పు. నాకు జరమొచ్చినప్పుడు నువ్వు వచ్చినావు. ఏం తెచ్చినావు?"

నా చెయ్యి సంచి మీదికి పోయింది.

"దారం తెచ్చినావు. మీ గుళ్లో గంపలకు గంపలు గింజలు ఉంటాయి. ఒక చేటెడు నూక తెచ్చి గంజి కాసి పోసింటే ఏం పోయింది? కొలతకు మాత్రం బిరీన వచ్చినారు." ఆయన గొంతులో కోపం లేదు. రాయి ఎక్కడ పగులుతుందో చూసి చెప్పినట్టు చెప్పాడు. "గంజి పోసింది ఆ దూదేకులామె. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. ఆయమ్మకు నేను ఏమవుతా? ఏం కాను. ఆయమ్మ గంజి పోసింది కాబట్టి మీ పెట్టె మిగిలింది. కావాలంటే తీసకపో. జొన్నలు ఆయమ్మ ఇంట్లో పోసి పో."

నేను లేచి నిలబడ్డాను. పెట్టె సంగతి మళ్లీ ఎత్తలేదు. దారిలో వాగు దాటుతూ సంచిలోంచి ఆ దారం తీసి నీళ్లలో వేశాను. అది నాకు పెద్ద పనిగా అనిపించింది కానీ, దానివల్ల ఎవరికీ గంజి రాదు కదా. అందుకని ఆళ్లగడ్డకు వచ్చి ప్రెసిడెంటమ్మను కలిసి, గంపలోని గింజల్లో కొంత జబ్బుపడ్డవాళ్లకు గంజి కోసం పట్టుకుపోతానని అడిగాను.

"మంచి ఆలోచనే. కానీ దానికి తీర్మానం లేదమ్మా. వచ్చే మీటింగులో పెడదాం" అంది.

వచ్చే మీటింగులో గుడికి సున్నం వేసే విషయం వచ్చింది. ఆ తర్వాతి మీటింగులో క్రిస్మసు పాటల విషయం. గంజి సంగతి ప్రతిసారీ చివరి అంశంగా ఉండేది, దాని దాకా వచ్చేసరికి అందరికీ వంటలకు పొద్దుపోయేది. నేను జీతానికి పనిచేసే మనిషిని. గట్టిగా అడిగితే ఇంకో ఊరికి వేస్తారు. ఊరుకున్నాను. నా ఇంట్లో వండే గింజల్లోంచి తీసిన పిడికెళ్లు మాత్రం గంపలో పోయడం మానేసి సంచిలో వేసుకుని తిరిగేదాన్ని. అవి ఎంతమందికి వస్తాయి? ఒక ముసలామెకు రెండుపూటలు వచ్చేవి.

ఇట్లా ఉండగా పత్తి తీతల కాలంలో తుపాను పట్టింది. నేను ఆ రోజు తాత వాళ్ల పల్లెలోనే ఉన్నాను. పొద్దున చినుకులుగా మొదలై సాయంత్రానికి వాగు పొంగింది. ఆళ్లగడ్డకు దారి మూసుకుపోయింది. దూదేకులామె ఇంట్లో ఉండిపోయాను. నల్లరేగడి నేల తడిస్తే ఇంటి నుంచి ఇంటికి పోవడం కూడా కష్టం. వాన మరుసటి రోజూ ఆగలేదు.

ఆ పల్లెకు పాములపాడు వైపు నుంచి పత్తి తీతకు వచ్చిన కూలీలు కొందరు ఊరి చివర ఒక కొట్టంలో ఉండేవారు. వాళ్లలో ఒకామెకు అప్పటికే జ్వరం. వాన పట్టిన రెండో రోజు పొద్దున ఆమె చనిపోయింది. చిన్న వయసు. భర్త, నడక నేర్చిన ఒక ఆడపిల్ల ఉన్నారు.

నేను పోయేసరికి కొట్టంలో ఒక మూల కారుతోంది. కారని మూల ఆమెను పడుకోబెట్టారు. ఊరివాళ్లు నలుగురు చూరు కింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. అట్లాగే ఉంచడానికి లేదు, ఎక్కడన్నా మెరక చూసి పూడ్చాలి. వాళ్లలో పూడ్చడమే ఆచారమని భర్త చెప్పాడు. ఒక రైతు, "దుప్పట్లో చుట్టండి" అన్నాడు.

ఆ భర్త చేతిలో ఒకే దుప్పటి ఉంది. అందులో పాపను చుట్టుకుని ఉన్నాడు. "దుప్పటి పాపకు కావాలప్పా" అన్నాడు.

ఎవరింట్లోనన్నా పాత గుడ్డ ఉంటే తెస్తామని ఒకరిద్దరు కదిలారు. తాత అప్పటిదాకా కర్ర మీద రెండు చేతులూ ఆనించి వింటున్నాడు. వానలోనే ఇంటి వైపు నడిచాడు. ముసలి ప్రాణం జారి పడతాడేమోనని నేను వెనకే పోయాను.

పోయేసరికి తాళం తీస్తున్నాడు.

"బైబిలమ్మా, ఆ చేట ఇట్ల తే."

పెట్టె నిండా జొన్నలు. ఆ ఏడాదంతా వంగి వంగి ఏరుకున్నవి. నేను చేటతో ఎత్తుతుంటే దూదేకులామె కుండలు తెచ్చింది. కుండలు చాలలేదు. మిగిలినవి మంచం మీద గోనెపట్టా పరిచి పోశాం. అడుగుకు వచ్చాక వేపాకు తీసేశాను. ఇక అయిపోయిందనుకుని మూత వేయబోతే తాత ఆపాడు. లోపలికి వంగి మూలల్లో, చెక్కల సందుల్లో ఇరుక్కున్న గింజలను గోటితో ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు.

నాకు విసుగు వచ్చింది. "ఆ నాలుగు గింజలకు ఏమవుతాది తాతా? వాళ్లు కాచుకొనుండారు" అన్నాను.

"ఉండు. గింజలుంటే ఆ తల్లికి గుచ్చుకుంటాయి" అన్నాడు.

తర్వాత దాచుకున్న నల్లగుడ్డ తీసి అడుగున పరిచాడు.

ఊరివాళ్లు పెట్టె మోశారు. గనుల నుంచి తెచ్చి ఎవరో పడేసిన నాపరాళ్ల గుట్ట పక్కన కాస్త మెరక ఉంటే అక్కడ తవ్వారు. తవ్వుతుంటే నీళ్లు ఊరుతున్నాయి. ఒకరు తవ్వుతుంటే ఒకరు తోడారు. ఆ భర్త పాపను ఎత్తుకుని నిలబడి, "ఎవురిది తాతా ఈ పెట్టె?" అని తాతను అడిగాడు.

"నాదే. నాకిప్పుడు దీంతో పనిల్యా" అన్నాడు తాత.

అందరూ నా వైపు చూశారు. ఆ కాలంలో మా సంఘంలో ఆడవాళ్లు సమాధి ప్రార్థన చేయరు. అది అయ్యగారి పని. అయ్యగారు వాగుకు అవతల ఉన్నారు. నేను గొడుగు మూసి పక్కన పెట్టి ప్రార్థన చేశాను. పుస్తకంలో ఉన్న వరుస గుర్తురాలేదు. ఆమెకు పిడికెడు గింజలు కూడా ఇవ్వలేకపోయిన మనుషులం ఆమెకు పెట్టె ఇస్తున్నామని, అది కూడా మాది కాదని, ఈయనదని చెప్పాను. దేవుడికి తెలియని సంగతి కాదు. ఎవరో ఒకరు బయటికి చెప్పాలి కదా అనిపించింది.

తిరిగి వచ్చేసరికి దూదేకులామె ఆ జొన్నలే రోట్లో దంచి గంజి కాసి ఉంచింది. పాప ముంతెడు తాగి నిద్రపోయింది. పాప తండ్రి ముట్టలేదు. తాత ఆయన పక్కన కూర్చుని, "తాగప్పా. పిల్లను ఎత్తుకోవాల నువ్వు" అని రెండుసార్లు చెప్పాక తాగాడు.

వాగు తీశాక ఆళ్లగడ్డకు వచ్చి ముందు అయ్యగారికి చెప్పాను. నేను ప్రార్థన చేసిన సంగతి కూడా చెప్పాను.

"చివర ఆమేన్ అన్నావా?"

"అన్నాను అయ్యగారూ."

"అయితే సరిపోతుంది" అన్నారు.

ప్రెసిడెంటమ్మ దగ్గర అంత తొందరగా తేలదని నాకు తెలుసు. సమాజం కూర్చున్నప్పుడు నన్ను నిలబెట్టి అడిగింది.

"ఆవిడ మన సంఘమా?"

"కాదండీ."

"పోనీ, క్రైస్తవులేనా?"

"అడగలేదండీ."

"ఎందుకడగలేదు?"

"వాన పడుతోందండీ."

ఆమె కళ్లజోడు తీసి ఒక గుడ్డతో తుడుచుకుంది. నా ఉద్యోగం ఆ గుడ్డ కొసన వేలాడుతున్నట్టు అనిపించింది. మళ్లీ పెట్టుకుని, "మరి ఆయన జొన్నలు ఏం చేశాడు?" అని అడిగింది.

"మంచం మీద పోసుకున్నాడండీ."

"మంచం మీద జొన్నలుంటే ఆయనెక్కడ పడుకుంటున్నాడు?"

"కిందండీ. నాపరాయి మీద. చలికి దగ్గు ఎక్కువైంది."

ప్రెసిడెంటమ్మ నన్ను అడగాల్సినవి ఇంకా ఉన్నట్టే నోరు తెరిచి, మూసుకుంది. తర్వాత, "ఆచారికి కబురు పెట్టండి" అంది. తీర్మానం రాయమని ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసి ఆమె అట్లా చేయడం అదే మొదటిసారి.

ఆచారి వచ్చి ఎవరికని అడిగాడు. చెప్పాను.

"మళ్లా ఆయనకేనా? ఈసారన్నా సస్తాడా?" అన్నాడు. కానీ ఒక్క రోజులో చేసి ఇచ్చాడు. మొదటిదాని కన్నా చెక్క మందం.

రెండో పెట్టె పల్లెకు పోయినప్పుడు ప్రెసిడెంటమ్మ కూడా బండిలో వచ్చింది. అన్నేళ్లలో ఆమె వాగు దాటడం అదే మొదలు. పెట్టె లోపల పెట్టగానే తాత దాని మూత తుడిచి, "కూచోండమ్మా" అన్నాడు. ఆమె కొద్దిగా తటపటాయించి కూర్చుంది. ఒక గిన్నె బియ్యం, పాత రగ్గు తెచ్చింది. అవి పక్కన పెట్టి, ఇంకేమన్నా కావాలా అని అడిగింది.

తాత కాసేపు దగ్గాడు. "నాకేం వద్దు. కానీ, ఒక్కటి ఈడ ఉంటే సాలదమ్మా. పక్కపల్లెలో ఒకటి పెట్టండి. ఆ ఊరి ఆడోళ్లు పిడికెడు పిడికెడు అందులోనే పోస్తారు. ఎవురికన్నా జరమొస్తే గంజికి అయితాయి. ఎవురన్నా సస్తే పెట్టెకైతాది. మీ గంప ఆళ్లగడ్డలో ఉంటే మాకేం లాభం?" అన్నాడు.

ప్రెసిడెంటమ్మ చేతిసంచిలో పెన్సిలు వెతుక్కుంటూ, "ఇది తీర్మానంలో పెట్టాలి" అంది. ఈసారి దాన్ని మొదటి అంశంగా పెట్టింది.

అట్లా మా పల్లెల్లో ఇంటింటికీ కాకపోయినా ఊరూరికీ ఒక పెట్టె వచ్చింది. అంతా సజావుగా జరిగిందని చెప్పను. ఒక ఊళ్లో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలని కొట్టుకున్నారు. ఇంకో ఊళ్లో వేపాకు వేయడం మరిచి గింజలన్నీ పురుగు పట్టించారు. ఒక పెద్దమనిషి చావు పెట్టెలో తిండిగింజలు ఏమిటని గుడికి రావడం మానేశాడు. మరుసటి ఏడు వానలు తప్పినప్పుడు ఆయన ఇంటికి కూడా ఆ గింజలే పోయాయి. తీసుకున్నాడు. నేను జబ్బుపడ్డవాళ్ల ఇంటికి పోతే నా మొహం కాకుండా నా సంచి చూడటం మొదలుపెట్టారు. మా ఉద్యోగంలో అంతకు మించిన ప్రమోషన్ లేదు.

ఎనభయ్యో దశకం మొదట్లో నన్ను నంద్యాలకు మార్చారు. ఆ తర్వాత కొన్నాళ్లకు, జొన్న కోతలు అయిపోతుండగా, తాత పోయాడని కబురు వచ్చింది. పొద్దున బస్సుకే బయలుదేరాను. ఆళ్లగడ్డలో ప్రెసిడెంటమ్మ నాతో కలిసింది. అప్పటికి హెడ్మాస్టరుగారు రిటైరయ్యారు, మోకాళ్ల నొప్పులతో ఆమె కూడా నెమ్మదిగా నడుస్తోంది. అయినా వచ్చింది.

మేం పోయేసరికి తాత మంచం మీద ఉన్నాడు. దూదేకులామె తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతోంది. అయ్యగారు, ఊరివాళ్లు బయట నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు. సంగతేమిటంటే పెట్టె నిండా ఊరి జొన్నలున్నాయి. కోతలు అప్పుడే అయ్యాయి కాబట్టి అంచుదాకా పోశారు. దాన్ని ఖాళీ చేస్తే తప్ప ఆయనను పెట్టడానికి లేదు. అన్ని గింజలు పోయడానికి ఏ ఒక్క ఇంట్లోనూ చోటు లేదు.

చివరికి దూదేకులామె, "ఇంటికింత పంచండి, అంతే గదా" అంది.

కబురు పోయింది. ఊళ్లోవాళ్లు కుండలు, గంపలు, బానలు పట్టుకుని వచ్చారు. మావాళ్లు, కానివాళ్లు అని లేదు. పత్తి రైతులూ వచ్చారు, పక్క వీధి శెట్టిగారింటి నుంచి ఒకామె ఇత్తడి గిన్నె పట్టుకొచ్చింది. నేను పెట్టె పక్కన కూర్చుని సేరుతో కొలిచి పోశాను. ఎవరూ తొందరపడలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అయ్యగారు గడియారం చూసుకోలేదు. అంతసేపు తాత మంచం మీద, తన వంతు వచ్చేదాకా, ఓపిగ్గా ఉన్నాడు.

అందరికీ అయిపోయాక ప్రెసిడెంటమ్మ తన చేతిసంచిలోంచి టిఫిన్ గిన్నె తీసింది. దారిలో తినడానికి తెచ్చుకున్నది. అప్పటికే ఖాళీ చేసి తుడిచి ఉంచింది. నా ముందుకు చాపింది. నేను దాని నిండా పోశాను.

ఆయనను పూడ్చిపెట్టి ఆళ్లగడ్డ దాకా ఇద్దరం కలిసే వచ్చాం. బస్సులో ఆమె నా పక్కన కూర్చుని, గిన్నె ఒడిలో పెట్టుకుని, బస్సు ఊగినప్పుడల్లా మూత మీద చెయ్యి అదిమి పట్టుకుంది. కోస్తాలో పుట్టి పెరిగిన మనిషి. ఇన్నేళ్లూ మా మధ్యే ఉండి బియ్యం తప్ప వండలేదు.

"జొన్నసంగటికి ఎసరు ఎంత పెట్టాలి?" అని అడిగింది.

"ముందు విసురుకోవాలండీ. ఊరికే వేస్తే ఉడకవు. మీ ఇంట్లో తిరగలి ఉందా?"

"లేదు."

"అయితే నేను ఈపూట నంద్యాలకు పోనులెండి. ఆచారి వాళ్లింట్లో తిరగలి ఉండాలి, పోయి ఇద్దరం విసురుకుందాం" అన్నాను.

ఆమె సరేనని తల ఊపి, గిన్నెను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.